నీటి అడుగున ఊపిరి

ఉద్దేశం

ఒక పని చేయడానికి రెండు మూడు రకాల పరికరాలు ఉన్నప్పుడు వాటిలో ఏది మేలైనదో తేల్చడం ఎలా? బాగా పనిచేసేది మేలైనదా? ఎప్పుడూ మొరాయించనిది మేలైనదా? ప్రాణం ఆధారపడిన పరికరం విషయంలో ఈ ప్రశ్నకు విలువ ఎక్కువ. సముద్రంలో మునిగేవారు వాడే శ్వాసోపకరణాన్ని ఆధారంగా చేసుకొని శాస్త్రీయంగా పోల్చి చూసే పద్ధతిని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

కురుక్షేత్ర సంగ్రామంలో సైన్యమంతా నశించిన తరువాత దుర్యోధనుడు ద్వైపాయన హ్రదంలో దాగాడని మహాభారతం చెబుతుంది. అతడు జలస్తంభన విద్య నేర్చినవాడు కాబట్టి మడుగు అడుగున ప్రాణాలతో ఉండగలిగాడట. ఆ విద్య ఇతిహాసానికి చెందినది. కాని నీటి అడుగున నిలిచి ఊపిరి పీల్చాలనే కోరిక మానవజాతికి చాలా పాతది. తమిళనాడులోని తూత్తుకుడి తీరంలో ముత్యపు చిప్పలు ఏరేవాళ్ళు తాడుకు కట్టిన రాతి బరువుతో సముద్రపు అడుగుకు దిగేవారు. ఊపిరి బిగబట్టి నిమిషమో, అంతకు కొంచెం ఎక్కువో పని చేసి పైకి వచ్చేవారు. ఆ కాస్త వ్యవధిలో ఎన్ని చిప్పలు దొరికితే అంతే కూలి.

పొడవైన గొట్టం ఒకటి నోట పెట్టుకొని, దాని రెండో కొసను నీటిపైన ఉంచితే సరిపోదా అని ఎవరికైనా తోస్తుంది. కాని అది సాధ్యం కాదు. ఒక మీటరు లోతున మనిషి ఛాతీ మీద నీరు ఎంత బరువుతో నొక్కుతుందో లెక్క కట్టి చూడవచ్చు. ఛాతీ వైశాల్యం చదరపు మీటరులో పదో వంతు అనుకుంటే, దానిపై నిలిచిన ఒక మీటరు నీటి బరువు సుమారు 100 కిలోలు. గొట్టంలోని గాలి మాత్రం నీటిపైన ఉన్న పీడనంతోనే ఉంటుంది. కాబట్టి ప్రతి ఉచ్ఛ్వాసానికీ ఛాతీ కండరాలు బస్తా బియ్యమంత బరువును ఎత్తవలసి వస్తుంది. మీటరు లోతులోనే ఊపిరి తీయడం దుర్భరమౌతుంది.

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున అదనంగా చేరుతుంది. నీటిపైన ఒక వాతావరణ పీడనం ఉంటే, 10 మీటర్ల లోతున రెండు, 20 మీటర్ల లోతున మూడు, 30 మీటర్ల లోతున నాలుగు ఉంటాయి. ఏ లోతున ఉన్న మనిషికి ఆ లోతులోని పీడనంతోనే గాలిని అందించాలి. తక్కువ పీడనంతో ఇస్తే పీల్చలేడు. ఎక్కువ పీడనంతో ఇస్తే ఊపిరితిత్తులు చెడిపోతాయి. మనిషి లోతుకు దిగుతున్నకొద్దీ, పైకి లేస్తున్నకొద్దీ గాలి పీడనం కూడా దానంతట అదే మారుతూ ఉండాలి. ఈ పని చేసే పరికరమే రెగ్యులేటరు.

పుట్టుక, పెరుగుదల

ఈ పరికరానికి మూలపురుషుడు ఫ్రాన్సు దేశస్థుడైన బెన్వా రూకెరోల్. ఆయన గనుల ఇంజనీరు. విషవాయువులు నిండిన గనుల్లో చిక్కుకున్న కార్మికులను రక్షించడానికి 1860లో ఒక గాలి నియంత్రకాన్ని రూపొందించాడు. నౌకాదళ అధికారి ఒగుస్ట్ దెనెరూజ్ ఆయనతో కలిసి, 1864లో దాన్ని నీటి అడుగున వాడకానికి అనువుగా మలిచాడు. ఐతే ఆనాటి లోహపు తొట్టెలు ఎక్కువ పీడనాన్ని తట్టుకోలేవు. అందుచేత నీటిపైనుంచి గొట్టం ద్వారా గాలిని పంపుతూ ఉండవలసి వచ్చేది.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్సులో పెట్రోలు కరువైంది. కార్లను బొగ్గు వాయువుతో నడపవలసి వచ్చింది. ఆ వాయువును ఇంజనుకు తగుపాళ్ళలో అందించే కవాటాన్ని ఎమిల్ గన్యాఁ అనే ఇంజనీరు తయారుచేశాడు. నౌకాదళంలో పనిచేస్తున్న జాక్ ఈవ్ కూస్తో తన అవసరాన్ని చెప్పగా, ఆ కవాటాన్నే గన్యాఁ మనిషి ఊపిరికి తగినట్లు మార్చాడు. ఇంజను పీల్చే వాయువుకూ, మనిషి పీల్చే గాలికీ సూత్రం ఒక్కటే. అడిగినప్పుడు ఇవ్వాలి, అడిగినంతే ఇవ్వాలి, అడగనప్పుడు ఆగాలి.

1943 జనవరిలో పారిస్ సమీపాన మార్న్ నదిలో దీన్ని పరీక్షించారు. కూస్తో అడ్డంగా ఈదినప్పుడు గాలి బాగానే అందింది. నిటారుగా నిలిచినప్పుడు గాలి వృథాగా బయటికి పోయింది. తలకిందులైనప్పుడు పీల్చడం కష్టమైంది. కారణాన్ని వారు త్వరలోనే గ్రహించారు. గాలి లోపలికి వచ్చే చోటూ, నిశ్వాసం బయటికి పోయే చోటూ వేరువేరు మట్టాల్లో ఉన్నాయి. నీటిలో కొద్దిపాటి ఎత్తు తేడా కూడా పీడనంలో తేడాయే. ఆ రెంటినీ ఒకే మట్టానికి చేర్చగానే లోపం తొలగింది. అదే సంవత్సరం వేసవిలో కూస్తో మధ్యధరా సముద్రంలో ఆ పరికరంతో స్వేచ్ఛగా విహరించాడు. పోల్చి చూడడమంటే ఏమిటో ఈ చిన్న సంఘటన తెలుపుతుంది. పరికరాన్ని ఒక్క స్థితిలో చూసి మెచ్చుకోవడం చాలదు. అది ఎదుర్కోవలసిన అన్ని స్థితుల్లోనూ చూడాలి.

గన్యాఁ, కూస్తోల రెగ్యులేటరు వీపుమీది సిలిండరుకు అమరి ఉండేది. దాని నుంచి రెండు లావుపాటి రబ్బరు గొట్టాలు నోటికి వచ్చేవి. ఒకటి ఉచ్ఛ్వాసానికి, మరొకటి నిశ్వాసానికి. నీటి బుడగలు తల వెనుకనుంచి పైకి పోవడం వల్ల చూపుకు అడ్డం ఉండేది కాదు. అందువల్ల నీటి అడుగున ఛాయాచిత్రాలు తీసేవారు దీన్ని ఇష్టపడేవారు. కాని గాలిని ఇచ్చే పెట్టె వీపున, పీల్చే ఊపిరితిత్తులు ఛాతీలో ఉండడం వల్ల బోర్లా ఈదేటప్పుడు ఊపిరి కొంచెం బరువుగా ఉండేది. లావు గొట్టం చిరిగితే నీరు లోపలికి వచ్చేది.

1952లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో టెడ్ ఎల్డ్రెడ్ అనే ఆయన మరో మార్గం చూపాడు. నియంత్రణను రెండు భాగాలుగా విడదీసి ఒకదాన్ని సిలిండరు మీద, రెండోదాన్ని నోటి దగ్గర ఉంచాడు. రెంటినీ ఒకే సన్నని గొట్టం కలుపుతుంది. నోటి దగ్గరి భాగం ఊపిరితిత్తుల మట్టానికి చేరువగా ఉంటుంది. నిశ్వాసం అక్కడికక్కడే బయటికి పోతుంది. పోర్పస్ అనే పేరుతో ఆ పరికరం వాడుకలోకి వచ్చింది. నేడు ప్రపంచమంతటా వాడుతున్నవి ఈ తరహావే.

పనిచేసే తీరు

సిలిండరులో సాధారణంగా 200 బార్‌ల పీడనంతో గాలి నింపుతారు. ఒక బార్ సుమారుగా ఒక వాతావరణ పీడనానికి సమానం. వార్తాపత్రికలలో దీన్ని ఆక్సిజన్ సిలిండరు అని రాస్తూ ఉంటారు. అది పొరపాటు. అందులో ఉండేది మామూలు గాలే. శుద్ధమైన ఆక్సిజన్‌ను సుమారు 6 మీటర్లకు మించిన లోతున పీల్చితే అది విషంగా మారి మూర్ఛ తెప్పిస్తుంది.

రెగ్యులేటరు మొదటి దశ సిలిండరు మూతికి బిగించి ఉంటుంది. ఇది 200 బార్‌ల పీడనాన్ని చుట్టూ ఉన్న నీటి పీడనం కంటె 9 లేక 10 బార్‌లు ఎక్కువగా ఉండేంతకు తగ్గిస్తుంది. రెండో దశ నోట పట్టుకొనే భాగం. ఇది గుండ్రని డబ్బీ వంటిది. దాని ముందువైపు పలుచని రబ్బరు పొర ఉంటుంది. పొరకు బయట నీరు, లోపల గాలి. మనిషి ఊపిరి పీల్చగానే లోపల పీడనం కొద్దిగా తగ్గుతుంది. బయటి నీరు పొరను లోపలికి నెడుతుంది. పొర ఒక మీటను నొక్కుతుంది. మీట కవాటాన్ని తెరుస్తుంది. గాలి వస్తుంది. పీల్చడం ఆపగానే పొర యథాస్థానానికి వస్తుంది, కవాటం మూసుకుంటుంది. విడిచిన ఊపిరి రబ్బరు రెక్క ఉన్న మరో ద్వారం గుండా బుడగలై పోతుంది.

పోలిక

రెగ్యులేటర్లను పోల్చేటప్పుడు రెండు గుణాలు చూడాలి. ఒకటి సామర్థ్యం: లోతులో, కష్టపడి పనిచేస్తున్నప్పుడు కూడా ఎంత తేలికగా, ఎంత ధారాళంగా గాలి ఇస్తుంది? రెండోది విశ్వసనీయత: ఎంతకాలం, ఎటువంటి పరిస్థితుల్లో మొరాయించకుండా పనిచేస్తుంది? ఈ రెండూ ఎల్లప్పుడూ కలిసి నడవవు.

మొదటి దశలో రెండు తెగలు ఉన్నాయి. ఒకదానిలో పిస్టను, రెండోదానిలో రబ్బరు పొర పీడనాన్ని అదుపు చేస్తుంది. అతి సరళమైన పిస్టను రకంలో కదిలే ముఖ్య భాగం ఒక్కటే. భాగాలు తక్కువ కాబట్టి చెడిపోయే అవకాశాలు తక్కువ, మరమ్మతు సులువు, ధర తక్కువ. ఐతే అందులో ఒక లోటు ఉంది. సిలిండరులోని గాలి కూడా పిస్టనును ఒకవైపు నెడుతూ ఉంటుంది. గాలి ఖర్చయ్యేకొద్దీ ఆ నెట్టు తగ్గి, రెండో దశకు అందే పీడనం కూడా తగ్గుతుంది. సిలిండరు అడుగంటేటప్పటికి ఊపిరి బరువెక్కుతుంది. దీనికి విరుగుడుగా వచ్చిందే సమతుల్య రకం. ఇందులో సిలిండరు పీడనం కవాటాన్ని ఏ వైపూ నెట్టకుండా అమరిక ఉంటుంది. కాబట్టి సిలిండరు నిండుగా ఉన్నా, ఖాళీ అవుతున్నా ఊపిరి ఒకే తీరుగా ఉంటుంది.

సమతుల్య పిస్టను రకం గాలిని మిక్కిలి ధారాళంగా ఇస్తుంది. కాని మామూలు అమరికలో దాని స్ప్రింగు ఉన్న గదిలోకి సముద్రపు నీరు వస్తుంది. నీటితోపాటు ఉప్పు, ఇసుక, ఒండ్రు చేరి పిస్టను కదలికకు అడ్డుపడవచ్చు. రబ్బరు పొర రకంలో భాగాలు ఎక్కువ. ఐతే నీరు పొర దగ్గరే ఆగిపోతుంది. లోపలి యంత్రాంగం శుభ్రంగా ఉంటుంది. బురద నీటిలో, చల్లని నీటిలో పనిచేసేవారు దీన్ని ఎక్కువగా ఎంచుకోవడానికి కారణం ఇదే.

ఇక రెండో దశలోని కవాటం. ఇది గాలి వచ్చే దిశలోనే తెరుచుకునేటట్లు ఒక విధంగానూ, గాలికి ఎదురు దిశలో తెరుచుకునేటట్లు మరొక విధంగానూ చేయవచ్చు. బాగా పనిచేస్తున్నంత కాలం రెంటికీ పెద్ద తేడా కనిపించదు. చెడిపోయినప్పుడే తేడా తెలుస్తుంది. మొదటి దశలో లోపం వచ్చి పీడనం పెరిగిపోయిందనుకోండి. గాలి దిశలో తెరుచుకునే కవాటం దానంతట అదే తెరుచుకుని గాలిని బయటికి వదులుతుంది. గాలి వృథా అవుతుంది, కాని మనిషికి ఊపిరి అందుతూనే ఉంటుంది. ఎదురు దిశలో తెరుచుకునే కవాటాన్ని పెరిగిన పీడనం ఇంకా గట్టిగా మూసివేస్తుంది. మనిషికి గాలి అందదు; అదనపు పీడనాన్ని వదలడానికి వేరే రక్షణ ద్వారం లేకపోతే గొట్టం పగలవచ్చు. నేటి రెగ్యులేటర్లలో అత్యధిక భాగం మొదటి రకానికి చెందినవే. చెడిపోయినా చంపని పరికరాన్ని తయారుచేయడం ఇంజనీరింగులో గొప్ప సూత్రం. రైళ్ళకూ, లిఫ్టులకూ, విద్యుత్ ఫ్యూజులకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

సామర్థ్యం, విశ్వసనీయతల మధ్య పేచీ ఎక్కడ వస్తుందో చూడండి. కవాటం తెరుచుకోవడానికి కొంత పీల్పు అవసరం. అది సుమారుగా మూడు సెంటీమీటర్ల ఎత్తు నీటి పీడనానికి సమానంగా ఉంటుంది. స్ప్రింగును ఇంకా వదులు చేస్తే ఊపిరి ఇంకా తేలికౌతుంది. కాని అప్పుడు నీటి తాకిడికే కవాటం తెరుచుకొని, అడగకుండానే గాలి పోతుంది. మరీ బిగిస్తే గాలి పోదు, కాని ఊపిరికి కష్టం. కొన్ని ఖరీదైన రకాలలో ఈ బిగువును నీటిలోనే సర్దుకోవడానికి ఒక మర ఉంటుంది.

ప్రయోగశాలలో కొలత

ఊపిరి తేలికగా ఉందా, బరువుగా ఉందా అన్నది ఒక్కొక్కరికి ఒక్కో విధంగా తోస్తుంది. తోచిన దాన్ని అంకెల్లోకి మార్చినప్పుడే పోలిక న్యాయంగా ఉంటుంది. ఇందుకోసం ఊపిరి తీసే యంత్రాలు ఉన్నాయి. పీడనం నింపిన గదిలో రెగ్యులేటరును ఉంచి, మనిషికి బదులు యంత్రం చేత ఊపిరి తీయిస్తారు. ఒక్కొక్క లీటరు గాలికి ఎంత శ్రమ ఖర్చయిందో జౌళ్ళలో కొలుస్తారు.

ఐరోపా ప్రమాణం ప్రకారం 50 మీటర్ల లోతుకు సమానమైన పీడనంలో, సిలిండరులో 50 బార్‌లు మాత్రమే మిగిలినప్పుడు, నిమిషానికి 25 మార్లు 2.5 లీటర్ల చొప్పున, అంటే నిమిషానికి 62.5 లీటర్ల గాలిని యంత్రం పీల్చి వదులుతుంది. లీటరుకు 3 జౌళ్ళకు మించి శ్రమ కాకూడదు. ఇది బాగా అలసిన మనిషి రొప్పుతూ తీసే ఊపిరికి సమానం. అంత కఠినంగా ఎందుకు పరీక్షించాలి? 50 మీటర్ల లోతున గాలి నీటిపైన ఉన్నదానికంటె ఆరు రెట్లు చిక్కగా ఉంటుంది. చిక్కని గాలి సన్నని దారిలో కష్టంగా కదులుతుంది. ఊపిరి కష్టమైతే ఒంట్లోని బొగ్గుపులుసు వాయువు సరిగా బయటికి పోదు. అది పేరుకొన్నకొద్దీ ఊపిరి చాలడం లేదనే భయం పుడుతుంది. భయంతో ఊపిరి మరింత వేగమౌతుంది. సముద్రగర్భంలో భయమే పెద్ద శత్రువు.

ఈ కొలతల్లో తెలిసిన విశేషం మరొకటి ఉంది. మంచి రెగ్యులేటర్లలో శ్రమలో పెద్ద భాగం పీల్చడానికి కాక విడవడానికే ఖర్చవుతుంది. పీల్చేటప్పుడు సిలిండరులోని పీడనం సాయపడుతుంది. విడిచేటప్పుడు రబ్బరు రెక్కను నెట్టి నీటిని తోసుకొనిపోయే పని ఊపిరితిత్తులదే. కాబట్టి గాలి ధారాళంగా వస్తోందన్న ఒక్క గుణం చూసి తీర్పు చెప్పకూడదు.

చలి మరో పరీక్ష. ఎక్కువ పీడనంలో ఉన్న గాలి ఒక్కసారిగా వ్యాకోచిస్తే చల్లబడుతుంది. సైకిలు ట్యూబులోని గాలిని వేగంగా వదిలినప్పుడు వాల్వు చల్లగా తగలడం అందరికీ తెలిసిందే. నీరు కూడా చల్లగా ఉంటే మొదటి దశలో మంచు గడ్డకట్టి కవాటం మూసుకోదు. గాలి ఆగకుండా పోతూ ఉంటుంది. అందుచేత 4 డిగ్రీల సెల్సియస్ నీటిలో కూడా పరీక్ష చేస్తారు. అందులో నెగ్గని వాటిని 10 డిగ్రీలకు పైబడిన నీటిలోనే వాడాలని ముద్రిస్తారు. అంటార్కిటికాలో మంచు పలక కింద, సున్నాకు దాదాపు రెండు డిగ్రీలు తక్కువ ఉన్న నీటిలో దిగే అమెరికా శాస్త్రజ్ఞులు ఒక్కొక్కరు రెండేసి వేరువేరు రెగ్యులేటర్లు తీసుకొని వెళ్తారు. ఎంత మంచి పరికరాన్నైనా పూర్తిగా నమ్మకపోవడమే వారి నియమం.

మన సముద్రాలు, మన ఎంపిక

భారతదేశ తీరాల్లో నీరు వెచ్చన. కర్ణాటకలో మురుడేశ్వర్ ఎదుట ఉన్న నేత్రాణి ద్వీపం, మహారాష్ట్రలోని మాల్వన్, లక్షద్వీప్, అండమాన్ దీవులు స్కూబా ఈతకు పేరు పొందాయి. పరిశోధనకు కూడా ఈ పరికరం ఎంతో ఉపకరించింది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన డైవర్లు 1980ల దశకంలో ఎస్. ఆర్. రావు నాయకత్వాన గుజరాత్‌లోని ద్వారక వద్ద సముద్రంలో మునిగిన కట్టడాలను పరిశీలించారు. తమిళనాడులోని పూంపుహార్ తీరంలో కూడా అటువంటి అన్వేషణ జరిగింది.

ఇటువంటి వెచ్చని నీటిలో, తక్కువ లోతుల్లో మంచుకు తట్టుకునే ఖరీదైన పరికరం తప్పనిసరి కాదు. సరళమైన పిస్టను రకం చక్కగా సరిపోతుంది. అందుకే ఎన్నో శిక్షణ కేంద్రాలు దాన్ని వాడతాయి. 30 మీటర్లకు దిగి పనిచేసేవారికి సమతుల్య రకం మేలు. ఒండ్రు నీటిలో దిగేవారికి మూసి ఉన్న రబ్బరు పొర రకం మేలు. అన్నిటికంటె గొప్పది ఏది అనే ప్రశ్నకు జవాబు లేదు. ఏ నీటికి, ఏ పనికి, ఎవరికి అని అడిగినప్పుడే జవాబు దొరుకుతుంది. ఎంపికకు ముందు మరో ప్రశ్న కూడా వేసుకోవాలి. చెడిపోతే బాగుచేసే నేర్పరి, మార్చవలసిన విడిభాగాలు దగ్గరలో దొరుకుతాయా? ఎక్కడో విదేశంలో తప్ప మరమ్మతు కాని శ్రేష్ఠమైన పరికరం కంటె, మన ఊళ్ళో బాగుచేయించుకోగల మధ్యరకం పరికరమే నమ్మదగినది.

ఇంకొక ముఖ్య విషయం. ఎంత నాణ్యమైనదైనా ఉపేక్షిస్తే చెడిపోతుంది. వాడిన ప్రతిసారీ మంచినీటిలో నానబెట్టి కడగాలి. లేకపోతే ఉప్పు పలుకులు కట్టి కవాటం బిగుసుకుంటుంది. కడిగే ముందు మొదటి దశకు మూత బిగించాలి. నీటిలో ఉండగా నోటి భాగంపై ఉన్న బొత్తాన్ని నొక్కకూడదు. నొక్కితే నీరు గొట్టంలోకి పోతుంది. ఎండలో ఆరవేస్తే రబ్బరు పగుళ్ళు తీస్తుంది కాబట్టి నీడలో ఆరవేయాలి. తయారీదారు చెప్పిన గడువులో విప్పి శుభ్రం చేయించి, అరిగిన రబ్బరు వలయాలను మార్పించాలి. ఆ పని నేర్చినవారే చేయాలి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా డైవరు ఒంటరిగా దిగడు. తోడు లేనిదే నీటిలో దిగకూడదన్నది మొదటి నియమం. ప్రతి ఒక్కరి దగ్గర పసుపు రంగు గొట్టంతో అదనపు నోటి భాగం ఒకటి ఉంటుంది. అది తనకోసం కాదు. తోటివాడి గాలి అయిపోతే అతనికి అందించడానికి. పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదన్నది రెండో నియమం. 10 మీటర్ల లోతున నిండుగా పీల్చిన గాలి నీటిపైకి వచ్చేసరికి రెండింతలు అవుతుంది. ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులు చిట్లుతాయి. ఈ విద్యను అర్హత గల గురువు దగ్గర నేర్చుకోనిదే ఎవరూ ప్రయత్నించరాదు.

ముత్యాల కోసం రాతిబరువుతో దిగిన పూర్వులకు ఊపిరి ఒక్కటే ఆధారం. నేటి డైవరుకు ఆ ఊపిరికి తోడుగా ఎందరో ఇంజనీర్ల ఆలోచన, కార్మికుల పనితనం, పరీక్షకుల నిజాయితీ ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటి తప్పినా నీటి అడుగున ఉన్నవాడికి తెలిసేలోపే ఆలస్యమౌతుంది. అందుకే అక్కడ పరికరాన్ని ధర చూసి కాక, పరీక్ష చూసి ఎంచుకుంటారు. మెరుపు చూసి కాక, శుభ్రత చూసి నమ్ముతారు.

అర్థాలు

హ్రదం = మడుగు, లోతైన కొలను
దుర్భరం = భరించరానిది
కవాటం = తలుపు; గాలిని, నీటిని ఒక దారిలో పోనిచ్చే మూత
ఉచ్ఛ్వాసం = గాలిని లోపలికి పీల్చడం
నిశ్వాసం = గాలిని బయటికి విడవడం
సమతుల్యం = రెండు వైపులా సమంగా ఉన్నది
వ్యాకోచించు = విస్తరించు
విశ్వసనీయత = నమ్మదగిన గుణం
ఉపేక్షించు = పట్టించుకోకుండా ఉండు

ప్రశ్నలు

అ. కింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాల్లో జవాబులు రాయండి.
1. పొడవైన గొట్టం నోట పెట్టుకొని సముద్రపు అడుగున ఊపిరి తీయడం ఎందుకు సాధ్యం కాదు?
2. మార్న్ నదిలో జరిగిన పరీక్షలో బయటపడిన లోపం ఏది? దాన్ని ఎలా సవరించారు?
3. డైవరు వీపుమీది సిలిండరును ఆక్సిజన్ సిలిండరు అనడం ఎందుకు పొరపాటు?
4. పసుపు రంగు గొట్టం గల అదనపు నోటి భాగం ఎవరికోసం?

ఆ. కింది ప్రశ్నలకు పది వాక్యాల్లో జవాబులు రాయండి.
1. పిస్టను రకం, రబ్బరు పొర రకం రెగ్యులేటర్లను పోల్చి, ఒక్కొక్కదాని మేళ్ళు, లోట్లు వివరించండి.
2. "చెడిపోయినా చంపని పరికరం" అనే మాటను పాఠంలోని కవాటాల ఉదాహరణతో సమర్థించండి.
3. సామర్థ్యం, విశ్వసనీయత ఎల్లప్పుడూ కలిసి నడవవు అనడానికి కారణాలు తెలపండి.

ఇ. లెక్క చేసి చూడండి.
12 లీటర్ల సిలిండరులో 200 బార్‌ల గాలి ఉంది. అందులో 50 బార్‌లు అత్యవసరానికి మిగల్చాలి. నీటిపైన నిమిషానికి 20 లీటర్ల గాలి పీల్చే మనిషికి ఆ గాలి 90 నిమిషాలు వస్తుంది. 10 మీటర్ల లోతున, 30 మీటర్ల లోతున ఎంతసేపు వస్తుంది? లోతు పెరిగితే కాలం ఎందుకు తగ్గిందో ఒక వాక్యంలో రాయండి.

భాషాంశాలు

1. కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి.
ఉదా: శ్వాసోపకరణం = శ్వాస + ఉపకరణం (గుణసంధి)
అత్యవసరం, ప్రాణాపాయం, అత్యధికం

2. కింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాయండి.
ఉదా: సముద్రగర్భం = సముద్రం యొక్క గర్భం (షష్ఠీ తత్పురుష సమాసం)
ఉచ్ఛ్వాసనిశ్వాసాలు, మంచినీరు, రెండు దశలు

3. "గాలి వృథా అవుతుంది, కాని మనిషికి ఊపిరి అందుతూనే ఉంటుంది." ఈ వాక్యంలో 'కాని' రెండు విరుద్ధ భావాలను కలుపుతోంది. ఇటువంటి వాక్యాలు పాఠంలో మరి మూడు గుర్తించి రాయండి.

చేయవలసిన పని

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఒకే పనికి వాడే రెండు రకాల పరికరాలను ఎంచుకోండి. ఉదాహరణకు చేతిపంపు, మోటారు పంపు. వాటిని సామర్థ్యం, విశ్వసనీయత, మరమ్మతు సౌకర్యం, ధర అనే నాలుగు విషయాల్లో పోల్చి పట్టిక తయారుచేయండి. ఏది ఎవరికి తగినదో ఐదు వాక్యాల్లో రాసి తరగతిలో చదివి వినిపించండి.